దావావ్‌లో ఊరివాళ్ళ హోటల్లో భోజనం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిలిప్పీన్స్‌లోని దావావ్‌కి మెడిసిన్ చదవడానికి మన తెలుగు పిల్లలు ఏళ్ళ తరబడి వస్తూనే ఉన్నారు. వచ్చిన కొత్తలో అందరిదీ ఒకటే దారి. పొద్దున ఇండియన్ మెస్, రాత్రి ఇండియన్ మెస్, మెస్‌కి సెలవైతే ఏదో ఒక ఫ్రైడ్ చికెన్ షాపు. పక్క వీధిలో ఒక కుటుంబం నడుపుకునే చిన్న హోటల్ ముందు నుంచే ఏడాది పొడుగునా నడిచి, ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళని వాళ్ళు నాకు చాలామంది తెలుసు. ఏం తింటున్నామో తెలియదని భయం, అడగడానికి మొహమాటం. నేనూ ఇక్కడే చదివాను, మొదట్లో నేనూ అలాగే ఉన్నాను. జూనియర్లు, వాళ్ళను చూడడానికి వచ్చే అమ్మానాన్నలు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట రాస్తున్నాను. చెయిన్ రెస్టారెంట్ల గురించి కాదు, స్థానికులు సొంతంగా నడుపుకునే హోటళ్ళ గురించే.

కారిందెర్యా అంటే ఏమిటి? రెస్టారెంటేనా?

మన ఊళ్ళో భోజన హోటల్ లాంటిది. ముందు ఒక అద్దాల బల్ల, దాని వెనక వరసగా అల్యూమినియం గిన్నెలు, మూతలు పెట్టి ఉంటాయి. మెనూ కార్డు ఉండదు. వెళ్ళి మూత తీసి చూడొచ్చు, అందులో తప్పేమీ లేదు, అందరూ అలాగే చూస్తారు. నచ్చినదాన్ని వేలితో చూపిస్తే గిన్నెలో వేసిస్తారు. అందుకే ఈ హోటళ్ళకి 'తూరో-తూరో' అని ఇంకో పేరు. తూరో అంటే వేలెత్తి చూపించడం.

అన్నాన్ని ఒక కప్పులో అదిమి, పళ్ళెంలో బోర్లిస్తారు. పళ్ళెం మధ్యలో గుండ్రంగా గోపురంలా నిలబడుతుంది. ఆ ఒక్క కప్పు మనవాళ్ళకి ఏ మూలకీ చాలదు. 'ఎక్స్‌ట్రా రైస్' అంటే ఇంకో కప్పు తెస్తారు, దానికి వేరే డబ్బులు.

ఈ 'కారిందెర్యా' మాటకీ మన కూరకీ ఏమైనా సంబంధం ఉందా?

ఉందనే చెబుతారు. 'కారి' అనే మాట నుంచి, అంటే దక్షిణాది 'కరి' నుంచి, ఆ పేరు వచ్చిందని ఇక్కడివాళ్ళే అంటారు. దాని వెనక ఒక చరిత్ర ఉంది. 1762లో ఇంగ్లీషువాళ్ళు స్పెయిన్ మీద యుద్ధంలో భాగంగా మనీలాని పట్టుకున్నారు. ఆ ఓడలు బయలుదేరింది మద్రాసు నుంచి. సైన్యంలో మద్రాసు సిపాయిలు కూడా ఉన్నారు. 1764లో ఇంగ్లీషువాళ్ళు వెళ్ళిపోయినప్పుడు కొందరు సిపాయిలు తిరిగి వెళ్ళకుండా మనీలా దగ్గర కైంటా అనే ఊళ్ళో స్థిరపడి, అక్కడి అమ్మాయిల్నే పెళ్ళి చేసుకున్నారు. కైంటాలో ఇప్పటికీ ఆ వంశాల వాళ్ళున్నారు. వేరుశనగ ముద్దతో చిక్కగా వండే 'కారే-కారే' కూర కూడా ఆ సిపాయిల వంట నుంచే పుట్టిందని ఒక కథ. కథలో నిజం పాళ్ళు ఎంతైనా, మద్రాసు రేవు నుంచి వచ్చిన సిపాయిలు ఇక్కడ పొయ్యి వెలిగించారన్నది మాత్రం నిజం. దావావ్‌లో గరిటె పట్టుకున్న ఆవిడ దగ్గర నిలబడినప్పుడల్లా నాకది గుర్తొస్తుంది.

భాష రాదు. ఎలా అడగాలి?

ఇంగ్లీష్ దాదాపు అందరికీ అర్థమవుతుంది, టెన్షన్ పడక్కర్లేదు. కానీ నాలుగు మాటలు వస్తే వడ్డించే చెయ్యి మారుతుంది. దావావ్‌లో ఇళ్ళల్లో మాట్లాడేది బిసాయా, తగాలోగ్ కూడా అందరికీ వచ్చు. రెండూ కలిపి మాట్లాడతారు.

వడ్డించే ఆవిడని 'ఆతె' అనండి, అంటే అక్క. మగవాళ్ళయితే 'కూయా', అన్న. మనం హోటల్లో "అన్నా, ఇంకొంచెం సాంబార్" అన్నట్టే. తగాలోగ్‌లో మాట చివర 'పో' చేరిస్తే మన 'అండీ' అన్నట్టు. బిసాయాలో అలాంటి చేర్పు లేదు కానీ, మీరు అన్నా సంతోషిస్తారు.

"పిలా ని?" అంటే ఇదెంత అని. "లామీ!" అంటే బాగుంది అని. తిన్నాక ఆ మాట ఒక్కటి అనండి.

నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటుంది. మనకి పొలంలో వడ్లు, మరలో బియ్యం, కంచంలో అన్నం. తగాలోగ్‌లోనూ అంతే: పాలాయ్, బిగాస్, కానిన్. మూడు దశలకి మూడు వేర్వేరు మాటలు. ఇంగ్లీషులో మూడింటికీ రైస్ అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటారు. ఇక అన్నంలోకి ఏది కలుపుకుని తిన్నా దానికి 'ఉలం' అని పేరు. చేప కావచ్చు, గుడ్డు కావచ్చు, ఏమీ లేనిరోజు ఉప్పు కావచ్చు. "ఇవాళ కూరేంటి?" అని మన ఇళ్ళల్లో అడిగినట్టే "ఏంటి ఉలం?" అని అడుగుతారు. అన్నమే భోజనం, తక్కినదంతా దానికి తోడు అనే లెక్క వాళ్ళదీ మనదీ ఒక్కటే. ఈ ఒక్కటి అర్థమైతే కారిందెర్యాలో కొత్తతనం సగం పోతుంది.

పంది మాంసం తినను. ఎలా తప్పించుకోవాలి?

మాట గుర్తుపెట్టుకోవడం తెలుగువాళ్ళకి తేలిక. పందిని ఇక్కడ 'బాబోయ్' అంటారు. "వలాయ్ బాబోయ్?" అంటే బిసాయాలో "పంది లేదుగా?" అని. తగాలోగ్‌లో "వలాంగ్ బాబోయ్".

"ఇందులో మీట్ ఉందా?" అని మాత్రం అడగకండి. చాలామంది మనసులో మీట్ అంటే పందో గొడ్డో. కోడి ఉన్నా, రొయ్యలు ఉన్నా "నో మీట్" అనే చెబుతారు. అబద్ధం కాదు, వాళ్ళ లెక్క అది. ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగాలి: బాబోయ్ పంది, బాకా గొడ్డు మాంసం, మనోక్ కోడి, ఇస్దా చేప, హిపోన్ రొయ్య.

ప్యూర్ వెజిటేరియన్‌ని. నాకు తినడానికి ఏమైనా దొరుకుతుందా?

దొరుకుతుంది, కానీ శ్రమ పడాలి. దీనికి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

ముందు 'సాహోగ్' అనే మాట నేర్చుకోండి. కూరగాయల కూరలో రుచి కోసం వేసే చిన్న చిన్న పంది ముక్కలు, రొయ్యలు, ఎండుచేపల్ని సాహోగ్ అంటారు. గిన్నెలో పైకి కనిపించేది బెండకాయ, వంకాయే. అడుగున సాహోగ్ ఉంటుంది. 'పినక్‌బెట్' చూడగానే మనవాళ్ళకి ప్రాణం లేచొస్తుంది: కాకరకాయ, వంకాయ, బెండకాయ, గుమ్మడికాయ, పొడుగు చిక్కుళ్ళు. కానీ దాన్ని వండేదే 'బగోఒంగ్'తో, అంటే ఉప్పులో ఊరబెట్టిన రొయ్యపొట్టు లేదా చేపల ముద్దతో. బిసాయాలో 'గినామోస్' అన్నదీ ఆ కోవదే. శుక్రవారం చాలాచోట్ల 'మొంగో' వండుతారు. క్యాథలిక్కులు శుక్రవారం మాంసం మానే ఆచారం నుంచి వచ్చిన అలవాటది. మన పెసర్ల పప్పే, మునగాకు కూడా వేస్తారు. అందులోనూ ఎండుచేపో, పంది తోలు వేపుడో పడుతుంది. చాప్‌సుయ్‌లో కోడి కార్జం వేస్తారు. పనసకాయ కొబ్బరిపాల కూరలో ఎండుచేప.

ఇక సూప్. కారిందెర్యాలో అన్నంతో పాటు ఒక చిన్న గిన్నెలో వేడి వేడి 'సబావ్' ఉచితంగా ఇస్తారు. చారులా పల్చగా ఉంటుంది. నాతో పాటు వచ్చిన ఒక అమ్మాయి, వాళ్ళింట్లో ఉల్లిపాయ కూడా తినరు, మొదటి వారమంతా అన్నంలో ఆ సబావ్ పోసుకుని తిన్నది. అది పంది ఎముకలు మరగబెట్టిన నీళ్ళని ఒక సీనియర్ చెప్పిన రోజు రాత్రి ఆ పిల్ల ఏడుపు నేను మర్చిపోలేను. హోటల్ ఆతె కావాలని చేయలేదు. ముక్క తినని పిల్ల కదా అని ముక్క పడకుండా పోసింది, పాపం. నీళ్ళు కూడా తినకూడదని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

మర్నాడు ఇద్దరం కలిసి వెళ్ళి చెప్పాం. ఆవిడ ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. తరవాత రెండు పొడుగు వంకాయలు తీసి బొగ్గుల మీద పెట్టింది. తోలు నల్లగా మాడి పగిలేదాకా తిప్పి, వేళ్ళు నీళ్ళలో ముంచుకుంటూ ఆ తోలు ఒలిచింది. టమాటా తరిగి, ఉప్పు చల్లి, కలమాన్సి పిండింది. కలమాన్సి అంటే గోళీకాయంత ఉండే నిమ్మకాయ. ఉల్లిపాయ వద్దంటే మానేసింది. దాన్ని 'ఎన్సలాదాంగ్ తలోంగ్' అంటారు. మాకైతే అది అచ్చం కాల్చిన వంకాయ పచ్చడే. ఆ తరవాత నాలుగేళ్ళు ఆ అమ్మాయి వారానికి మూడు రోజులు అక్కడే తిన్నది.

కాబట్టి నా సలహా ఇది. జనం లేని వేళ, పొద్దున తొమ్మిదింటికో మధ్యాహ్నం మూడింటికో వెళ్ళండి. "వలాయ్ సాహోగ్, వలాయ్ బాబోయ్, వలాయ్ ఇస్దా, వలాయ్ గినామోస్" అని చెప్పి, రేపు నాకోసం ఒక గిన్నె విడిగా వండగలరా అని అడగండి. సొంత హోటల్ కనుక వండే మనిషే ఓనరు, నిర్ణయం అక్కడే జరిగిపోతుంది. చెయిన్ షాపులో ఈ మాట అడగడానికి మనిషే దొరకడు.

అడగదగ్గవి: 'లావ్-ఊయ్', అంటే బచ్చలి, మునగాకు, గుమ్మడి, బెండ, బీరకాయలు నిమ్మగడ్డి వేసి ఉడికించే బిసాయా కూరగాయల చారు (ఎండుచేప వేయొద్దని చెప్పాలి). తూటికూర 'అడోబో', అంటే వెనిగర్, సోయా సాస్ వేసి వండేది, ఇక్కడ తూటికూరని కంకోంగ్ అంటారు, ఆయిస్టర్ సాస్ వద్దని చెప్పాలి. మొలకల 'లుంపియా', అంటే పల్చటి పొరలో చుట్టి వేయించే రోల్, లోపల మాంసం లేదని రూఢి చేసుకుని. గుడ్డు తినేవాళ్ళకి 'తోర్తాంగ్ తలోంగ్', కాల్చిన వంకాయని గుడ్డులో ముంచి వేసే అట్టు. ఇంత చెప్పినా గరిటె ఒకటే, మూకుడు ఒకటే, నూనె ఒకటే. అది కూడా పట్టింపు ఉన్నవాళ్ళు కారిందెర్యాలో తినకపోవడమే మంచిది. వాళ్ళని బలవంతపెట్టడం నాకు ఇష్టం లేదు.

హలాల్ కావాలంటే? లేదా పంది అసలు వండని హోటల్ కావాలంటే?

దావావ్ ఉన్నది మిందనావ్ దీవిలో. ఇక్కడ ముస్లిం జనాభా బాగా ఉంది: మరనావ్, మగిందనావ్, తౌసుగ్ వాళ్ళు. వాళ్ళ హోటళ్ళలో పంది వాసన కూడా ఉండదు. మనవాళ్ళు ముందు అక్కడికే వెళ్ళాలని నేను గట్టిగా చెబుతాను. పసుపు, అల్లం, కొబ్బరి, మిరపకాయ, అన్నీ మనకి తెలిసిన రుచులే.

మరనావ్ వాళ్ళ 'పలాపా' తిన్నారంటే ఇక వదలరు. ఒక రకం తెల్ల ఉల్లికాడ, అల్లం, పచ్చిమిరప కలిపి దంచి, కొన్ని ఇళ్ళల్లో వేయించిన కొబ్బరి కూడా వేస్తారు. రోటి పచ్చడే అది. దాన్ని వేసి కొబ్బరితో వండేది 'పియాపరాన్', కోడితో చేసినది అడగండి. మగిందనావ్ వాళ్ళ 'పాస్తిల్' అరిటాకు పొట్లం: అన్నం, పైన సన్నగా చీల్చి వేయించిన కోడి. చాలా చవక, పరీక్షల రోజుల్లో నాకు అదే ఆధారం. తౌసుగ్ వాళ్ళ 'తియులా ఇతుమ్' నల్లటి సూప్, మాడ్చిన కొబ్బరి వల్ల ఆ రంగు. అయితే అది ఎక్కువగా గొడ్డు మాంసంతో చేస్తారు. గొడ్డు మాంసం తినని వాళ్ళు ఈ హోటళ్ళలో "బాకా?" అని అడగడం మర్చిపోవద్దు. రంజాన్ నెలలో పగలు ఇవి చాలావరకు మూసి ఉంటాయి.

కారం ఉంటుందా?

మామూలుగా ఉండదు. ఈ దేశంలో కారానికి పేరున్నది బికోల్ ప్రాంతం, ఇక్కడ మిందనావ్‌లో ముస్లిం వంటలు. తక్కినచోట్ల పులుపు, ఉప్పు, కొంచెం తీపి. కానీ బల్ల మీద చిన్న మిరపకాయలు ఉంటాయి, 'సీలీ' అంటే తెచ్చిస్తారు. గుంటూరు మిరపకాయ తిన్నవాళ్ళం కదా అని చులకన చేయొద్దు, ఇక్కడి చిన్న మిరపకాయ 'సీలింగ్ లబూయో' చిటికెన వేలిలో సగం కూడా ఉండదు గానీ మంట గట్టిది. బ్యాగులోంచి ఆవకాయ సీసా తీసేముందు ఒక ముద్ద ఉన్నదున్నట్టుగా తినండి. రుచి చూడకుండానే పచ్చడి కలిపేస్తే వండిన మనిషికి కష్టంగా ఉంటుంది, మన ఇంట్లో అయినా అంతే.

మొదటిసారి వెళ్తున్నాను, మాంసం తింటాను. ఏం చెప్పాలి?

సినిగాంగ్. ఇంకో ఆలోచన వద్దు.

చింతపండు పులుసే అది. చింతకాయని 'సంపాలోక్' అంటారు. పచ్చి చింతకాయల్ని ఉడికించి పిసికి, ఆ రసంలో టమాటా, ఉల్లి, ముల్లంగి, పొడుగు చిక్కుళ్ళు, బెండ, వంకాయ, తూటికూర వేసి, చేపో రొయ్యలో పంది మాంసమో కలుపుతారు. పోపు ఉండదు, పసుపు ఉండదు, ఇంగువ ఉండదు. మొదటి చెంచాకి "ఏదో తక్కువైంది" అనిపిస్తుంది. అన్నంలో కలుపుకుని, ఉప్పటి చేప రసం 'పతీస్'లో మిరపకాయ నలిపి పక్కన పెట్టుకుని తినండి. నాలుగో ముద్దకి ఇంట్లో జ్వరం వచ్చినప్పుడు అమ్మ పెట్టిన చారన్నం గుర్తొస్తుంది. చింతపండు లేనిచోట జామపండుతో, పచ్చి మామిడితో కూడా పులుపు తెస్తారు. రొయ్యల సినిగాంగ్ కావాలంటే 'సినిగాంగ్ నా హిపోన్' అనండి.

ఒంట్లో బాగాలేకపోతే 'తినోలా': కోడి, అల్లం, పచ్చి బొప్పాయి, మునగాకు. బాలింతలకి పాలు పడతాయని పెట్టే సూప్ ఇది, మునగాకు గురించి మన అమ్మమ్మలు చెప్పే మాటే ఇక్కడి అమ్మమ్మలూ చెబుతారు.

బొగ్గుల మీద కాల్చిన కోడి కావాలంటే 'ఇనసాల్'. బకోలోద్ ఊరి పేరు మీద ప్రసిద్ధం. నిమ్మగడ్డి, వెనిగర్, కలమాన్సి, అల్లంలో నానబెట్టి, కాల్చేటప్పుడు ఎర్రటి నూనె రాస్తారు. అదే పొయ్యి మీద పంది పుల్లలు కూడా కాల్చే చోట్లు ఉన్నాయి, చూసుకోండి.

అడోబో గురించి అందరూ చెబుతారు కనుక నేను ఎక్కువ చెప్పను. వెనిగర్, సోయా సాస్, వెల్లుల్లి, మిరియాలు, బిర్యానీ ఆకు. కోడి అడోబో అడగండి. వండిన మర్నాడు ఇంకా బాగుంటుంది, మన చేపల పులుసులాగే.

బల్ల మీద అన్ని సీసాలు ఎందుకు?

అవి 'సవ్‌సావన్', ముంచుకునేవి. ఇక్కడ కూర పొయ్యి దిగాక కూడా వంట పూర్తికానట్టే లెక్క. తినే మనిషి తనకి కావలసినంత పులుపు, ఉప్పు, కారం తనే కలుపుకోవాలి. వండిన కూరలో ఏదైనా కలిపితే వండినవాళ్ళు ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు, సీసాలు అందుకే పెట్టారు.

నల్లనిది తోయో, సోయా సాస్. గోధుమరంగు పల్చనిది పతీస్, చేపది, శాకాహారులు ముట్టుకోవద్దు. మిరపకాయలు, వెల్లుల్లి తేలే సీసా సూకా, వెనిగర్. మన ఊళ్ళో సీసాలో వచ్చే సింథటిక్ వెనిగర్‌తో దీన్ని పోల్చకండి. ఇక్కడ చాలాచోట్ల కొబ్బరికల్లు పులిస్తే వచ్చినది వాడతారు. కల్లుని 'తుబా' అంటారు. వేయించిన చేప ముక్కని అందులో ముంచి తిన్నాక నిమ్మకాయ గుర్తురాదు.

కినిలావ్ పచ్చి చేపట కదా, తినొచ్చా?

దావావ్ వచ్చి కినిలావ్ తినలేదంటే ఇక్కడివాళ్ళు ఒప్పుకోరు. దగ్గర్లో ఉన్న జెనరల్ సాంటోస్ ట్యూనా చేపలకి పెట్టింది పేరు. తాజా చేపని ముక్కలు కోసి వెనిగర్, అల్లం, ఉల్లి, మిరప, కలమాన్సిలో కలుపుతారు. నాకు చాలా ఇష్టం. కానీ వైద్యం చదివిన మనిషిగా ఒక మాట చెప్పాలి. వెనిగర్ చేప రంగుని ఉడికినట్టు తెల్లగా మారుస్తుంది గానీ, వేడి చేసే పని అది చేయదు, పురుగులూ బాక్టీరియా అందులో బతికే ఉండొచ్చు. గర్భిణులు, చిన్నపిల్లలు, షుగరో కాలేయం జబ్బో ఉన్న పెద్దవాళ్ళు వద్దు. తక్కినవాళ్ళు జనం కిటకిటలాడే హోటల్లో, మధ్యాహ్నంలోపు తినండి.

తెలియక తినేసే ప్రమాదం ఉన్నవి ఏవి?

ముఖ్యంగా ఒకటి: 'దినుగువాన్'. నల్లగా, నిగనిగలాడుతూ ఉంటుంది. విదేశీయులకి "చాక్లెట్ మీట్" అని చెబుతారు. అది పంది రక్తంతో వండిన కూర. తెలంగాణలో నల్ల (రక్తం వేపుడు), బోటి తింటూ పెరిగినవాళ్ళకి ఇదేమీ వింత కాదు, ఇష్టంగా తిన్న స్నేహితులు నాకున్నారు. తెలిసి తినాలి, అంతే. 'సిసిగ్' పంది తల మాంసాన్ని సన్నగా తరిగి పెనం మీద చిటపటలాడుతూ తెచ్చే వంటకం, పంపాంగ ప్రాంతంలోని ఆంజెలెస్ నగరం దానికి పుట్టిల్లు. కోడి సిసిగ్, టోఫు సిసిగ్ కూడా ఉంటాయి, విడిగా అడగాలి. వేరుశనగ పడనివాళ్ళు కారే-కారే జోలికి వెళ్ళొద్దు. రొయ్యలు పడనివాళ్ళు అయితే ప్రతిసారీ, ప్రతి గిన్నెకీ అడగాల్సిందే.

చేత్తో తినొచ్చా?

తినొచ్చు. మామూలుగా కుడిచేత చెంచా, ఎడంచేత ఫోర్క్ పట్టుకుని తింటారు, చాకు ఉండదు. కానీ చేత్తో తినడానికి 'కమాయన్' అని పేరే ఉంది, కొన్ని హోటళ్ళు అరిటాకులు పరిచి మరీ పెడతాయి. గోడ పక్కన చేతులు కడుక్కునే కుళాయి ఉంటుంది. మీరు చేత్తో కలిపి తింటుంటే పక్క బల్ల ముసలాయన కూడా చెంచా పక్కన పెట్టేయడం నేను కళ్ళారా చూశాను.

చివర్లో పెరుగు ఉంటుందా?

ఉండదు. సూపర్‌మార్కెట్‌లో కొనుక్కుని రూమ్‌లో పెట్టుకోండి.

ఎంత అవుతుంది? టిప్ ఇవ్వాలా?

పెసో అంటే దాదాపు మన రూపాయిన్నర. నేను తినే చోట కప్పు అన్నం 15 పెసోలు, కూరగాయల ఉలం 40, మాంసం 70 దాకా. ఊరిని, వీధిని బట్టి మారుతుంది. సగం ఉలం కూడా అడగొచ్చు, రెండు సగాలు తీసుకుంటే రెండు రుచులు. చిల్లర తీసుకెళ్ళండి, పొద్దున్నే వెయ్యి పెసోల నోటు ఇస్తే పాపం చిల్లర కోసం పక్క కొట్టుకి పరిగెత్తాలి. జీక్యాష్ (ఫోన్‌తో డబ్బు కట్టే ఇక్కడి యాప్) చాలాచోట్ల తీసుకుంటారు.

కారిందెర్యాలో టిప్ అలవాటు లేదు. పెద్ద రెస్టారెంట్లలో బిల్లులో సర్వీస్ ఛార్జ్ వేస్తారు. 2019లో వచ్చిన చట్టం ప్రకారం అది మొత్తం పనివాళ్ళకే పంచాలి, కాబట్టి అది కట్టాక మళ్ళీ ఇవ్వకపోయినా పరవాలేదు. అమ్మానాన్నలు వచ్చినప్పుడు చాలామంది అడిగేది: బోర్డు మీద రాసిన 20 శాతం సీనియర్ సిటిజన్ తగ్గింపు ఫిలిప్పీన్స్ పౌరులకే, మనకి రాదు.

ఏ టైంకి వెళ్ళాలి?

పదకొండు గంటలకి. ఈ హోటళ్ళ వాళ్ళు చీకటితోనే లేచి బజారుకి వెళ్తారు, దావావ్‌లో అయితే ఎక్కువమంది బంకెరొహాన్ మార్కెట్‌కి. పదింటికల్లా గిన్నెలు నిండుతాయి, ఒంటిగంట దాటితే అడుగంటుతాయి. సాయంత్రానికి మిగిలింది పొద్దుటిదే అయి ఉండొచ్చు. ఈస్టర్ ముందు వచ్చే పవిత్ర వారంలో గురు, శుక్రవారాలు చాలా హోటళ్ళు మూతపడతాయి, ముందురోజే ఏదైనా కొని పెట్టుకోండి. కొత్త బ్యాచ్ పిల్లలు ఆ రెండు రోజులూ బిస్కెట్లతో గడపడం ప్రతి ఏడూ చూస్తున్నాను.

తీపి తినేవాళ్ళకి?

మధ్యాహ్నం మూడు, నాలుగింటికి 'మెరియెందా' అని చిరుతిండి వేళ. అప్పుడు 'బినిగ్‌నిత్' దొరికితే వదలొద్దు: జిగురు బియ్యప్పిండి ఉండలు, సగ్గుబియ్యం, అరటిపండు, చిలగడదుంప, పనసతొనలు కొబ్బరిపాలలో ఉడికించి చేస్తారు. వినాయక చవితి పాల ఉండ్రాళ్ళ బంధువే, పాలు కొబ్బరివి. శాకాహారులకి నిశ్చింతగా తినగలిగేది ఇదొకటి. 'తురోన్' అరటిపండుని పనసముక్కతో పల్చటి పొరలో చుట్టి పంచదార పాకం పట్టేలా వేయించేది. ఇక్కడ స్పగెట్టీ కూడా తియ్యగానే ఉంటుంది, అరటిపండు కెచప్ మహిమ.

పక్కవాళ్ళు "కయిన్ తాయో" అంటున్నారు. నిజంగా పిలుస్తున్నారా?

తినేవాళ్ళ పక్కనుంచి మీరు వెళ్తే "రండి, తిందాం" అనడం మర్యాద. బిసాయాలో "కావోన్ తా". మన ఊళ్ళో అరుగు మీద భోంచేస్తున్న పెద్దాయన "రా నాయనా, రెండు ముద్దలు తిందువు" అన్నట్టే. నవ్వి "సలామత్" అని వెళ్ళిపోవచ్చు. ఏమీ అనకుండా తల దించుకుని వెళ్ళిపోవడమే బాగుండదు. రెండోసారి, మూడోసారి కూడా పిలిస్తే మాత్రం కూర్చోండి.

దుబాయ్‌లో ఉన్నాను. ఇదంతా అక్కడా పనికొస్తుందా?

చాలావరకు. కరామా, సత్వా వైపు ఫిలిప్పినో హోటళ్ళు బోలెడు. ఎక్కువచోట్ల పంది ఉండదు, దాని బదులు కోడి, గొడ్డు మాంసం వాడతారు. కాబట్టి అక్కడ "బాకా?" అన్న ప్రశ్న ముఖ్యం. చేప రసం, రొయ్య ముద్ద మాత్రం ఎక్కడైనా ఉంటాయి.

ఒకే హోటల్‌కి రోజూ వెళ్తే మేలా, మార్చి మార్చి వెళ్ళాలా?

ఒకటి పట్టుకోండి. రోజూ వచ్చే మనిషిని 'సూకి' అంటారు. మన ఊళ్ళో వాడిక కొట్టు ఉన్నట్టే, ఈ బంధం రెండు వైపులా ఉంటుంది. మీరు వేరేచోట తినరు, ఆవిడ మీకోసం ఒక ముక్క దాచిపెడుతుంది. నెలాఖరున డబ్బు అందకపోతే పుస్తకంలో రాసుకుంటుంది. అది తీర్చకుండా ఊరు వెళ్ళిన వాళ్ళున్నారు, దయచేసి ఆ పని చేయకండి, తరవాత వచ్చే తెలుగు పిల్లల్ని ఆవిడ ఏ ముఖంతో నమ్మాలి?

మనం వండినది వాళ్ళకి పెట్టొచ్చా?

తప్పకుండా పెట్టండి. ఒక సంక్రాంతికి మేం రూమ్‌లో పులిహోర కలిపి, ఒక డబ్బా మా ఆతెకి ఇచ్చాం. మూత తీసి వాసన చూసింది. పసుపు రంగు చూసి, మిరపకాయ తీసి పక్కన పెట్టి, చెంచాతో ఒక ముద్ద నోట్లో వేసుకుంది. కళ్ళు పెద్దవి చేసి "సంపాలోక్!" అంది. వంటింట్లో ఉన్న భర్తని కేకేసి పిలిచి, ఆయన నోట్లో కూడా ఒక చెంచా పెట్టి, "చూడు, వీళ్ళు సినిగాంగ్‌ని సబావ్ లేకుండా అన్నంలోనే వండేశారు" అంది.